1960ల స్ప్రైట్ ఆల్పైన్ కారవాన్: లోపల హార్డ్‌బోర్డే వేయాలా, ప్లై వేస్తే తప్పా?

లీడ్స్_తమ్ముడు: బ్రిటన్‌లో పాత కారవాన్లు (కారు వెనక లాక్కెళ్లే ఇంటిబండ్లు) బాగుచేసే మనవాళ్లు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నా. బండి 1960ల స్ప్రైట్ ఆల్పైన్. ముందు కిటికీ కింద రెండు మూలల్లోనూ చట్రం కర్రలో స్క్రూడ్రైవర్ దిగబడిపోతోంది. లోపలి గోడల హార్డ్‌బోర్డు (చెక్కపీచు నొక్కి చేసిన పలక) ఉబ్బింది. హార్డ్‌బోర్డే వేయాలా, ప్లై వేయొచ్చా? బయటి అల్యూమినియం రేకు అంచుల్లో నీళ్లు దిగకుండా ఏ సీలెంటు?

రేకుల_షెడ్డు: హార్డ్‌బోర్డే. 3.2 మి.మీ. పలక తెచ్చి, గరుకు వైపు సుమారు లీటరు నీళ్లు చల్లి, గరుకు వైపులు ఎదురెదురుగా పెట్టి 48 గంటలు పేర్చి ఉంచు. తడిమీదే బిగిస్తే ఆరేటప్పుడు బిగుసుకుంటుంది. పొడిగా బిగిస్తే మొదటి వానాకాలానికే అలలు తేలుతుంది. రేకు అంచులకి బ్యుటైల్ మాస్టిక్ టేపు, అంటే మెత్తగా ఉండి తర్వాత విప్పుకోగలిగే జిగురుపట్టీ. స్క్రూలు మైనస్ తలవే. ప్లస్ స్క్రూ కనిపించిందంటే ఆ బండిని ఎవరో కెలికి ఉండొచ్చు.

ఇరుసు: అన్నా, హార్డ్‌బోర్డు నీళ్లు తాగితే అట్టముక్కే. దాన్నే మళ్లీ ఎందుకు? 4 మి.మీ. ప్లై వేసి, అంచులకి వార్నిష్ తాగించి, రేకు కీళ్లకి పాలీయురెథేన్ (గట్టిగా అతుక్కుపోయే సీలెంటు) పెడితే ఇరవయ్యేళ్లు చుక్క దిగదు. స్ప్రైట్ అంటే శామ్ ఆల్పర్ సామాన్యుడికి చౌకగా అమ్మడానికి కట్టించిన బండి. ఆయనకి ఆరోజు మంచి ప్లై అదే ధరకి దొరికితే వేయించేవాడు కాదా?

రేకుల_షెడ్డు: ఆల్పర్ ఏం చేసేవాడో మనకెందుకు, ఏం చేశాడో బండిలో ఉంది. కార్‌లైట్ లాంటి ఖరీదైన బండి పనితనం స్ప్రైట్‌లో పెడితే అది స్ప్రైట్ కాదు. స్క్రూల మాట దాటేశారేం?

మామిడితాండ్ర: హిచ్ (బండిని కారు వెనక బాల్‌కి, అంటే ఇనప గుండుకి తగిలించే కొక్కెం) చూశావా తమ్ముడూ?

ఇరుసు: స్క్రూలా! చట్రం పుచ్చిపోయి ఉంటే స్క్రూ తల మీద పంచాయితీ.

లీడ్స్_తమ్ముడు: మరి చట్రం కర్ర? తోటకంచెలకి అమ్మే పచ్చరంగు మందు పట్టించిన కర్ర చౌకగా ఉంది.

ఇరుసు: అది మాత్రం వద్దు. ఆ మందులో రాగి ఉంటుంది. తడి తగిలితే అల్యూమినియం రేకుని లోపల్నుంచి తినేస్తుంది, బయటికి సూదిబెజ్జాలు కనిపిస్తాయి. మామూలు పైన్ తీసుకో. పుచ్చినచోట నుంచి గట్టికర్ర తగిలేదాకా కోసి, 1:8 వాలుతో ఏటవాలు అతుకు వేయి. 25 మి.మీ. మందానికి 200 మి.మీ. పొడవు అతుకు అవుతుంది. అడ్డంగా కోసి ముక్క అంటిస్తే రోడ్డు కుదుపుకి విడిపోతుంది.

రేకుల_షెడ్డు: ఇది ఒప్పుకుంటా. పాత ఇనప స్క్రూలు రేకుతో కలిసి తుప్పుపట్టి బెజ్జం పెద్దదై ఉంటుంది. కొత్తవి స్టెయిన్‌లెస్ వేసినా డ్యూరాలాక్ (రెండు లోహాలు ఒకదాన్నొకటి తినకుండా మధ్యలో పూసే పేస్టు) పూసి దించు, అదీ అల్యూమినియంతో కొట్లాడుకునే లోహమే. మైనస్ తల స్టెయిన్‌లెస్ దొరుకుతుంది, వెతికితే.

గోదారి_గట్టు: హీటరు వెనకా పొయ్యి వెనకా బూడిదరంగు పలక ఉంటే డ్రిల్లు పెట్టకు. ఆస్బెస్టాస్ అనుకునే ముట్టుకోవాలి. మన ఊళ్లో ఆ రేకుల కిందే పెరిగాం కదా అని తేలిగ్గా తీసుకోకు. విరిచినా తొలిచినా ప్రమాదం.

మామిడితాండ్ర: హిచ్ తల మీద ఏం రాసి ఉందో చదవండి బాబూ.

ఇరుసు: సీలెంటు సంగతి తేల్చండి. మాస్టిక్ ఎండి పగులుతుంది. పగిలినచోటే ఈ మూలలు పుచ్చాయి. మళ్లీ అదేనా?

రేకుల_షెడ్డు: ఎండితే విప్పి మార్చుకుంటాం. ఆనింగ్ రైలు (పక్కన టెంటు తగిలించడానికి రేకు అంచున బిగించే పట్టీ) స్క్రూలు తీసి, ప్లాస్టిక్ గోకుడుతో గీకి, మిగిలిన జిగురు వైట్ స్పిరిట్‌తో తుడిచి కొత్త టేపు. ఒక్క రోజు పని. పాలీయురెథేన్ పెట్టిన రైలు విప్పాలంటే రేకు చిరుగుతుంది. అలా చిరిగిన రేకులు నా షెడ్డులో మూడున్నాయి. మూడూ మీలాంటివాళ్లు "బాగుచేసి" అమ్మినవే.

ఇరుసు: మీలాంటివాళ్లు అంటే? మీ బండి ఏడాదికి రెండు ర్యాలీలకి వెళ్లి టెంటు కింద నిలబడుతుంది. అది బండి కాదు, బొమ్మ. నాది వేల్స్ వానలో పిల్లలతో వారం ఉండాలి.

రేకుల_షెడ్డు: అదీ అసలు సంగతి. మీరు వాడుకోవడానికి బాగుచేస్తున్నారు. నేను తర్వాత విప్పేవాడి కోసం చేస్తున్నా. నేను పెట్టిన ప్రతిదీ వాడు పాడుచేయకుండా తీయగలగాలి. హార్డ్‌బోర్డు, మాస్టిక్, మైనస్ స్క్రూ, అన్నీ అందుకే.

ఇరుసు: ఆ మాట మొదటే చెప్తే స్క్రూల గొడవే వచ్చేది కాదు. సరే, రైళ్లకి మాస్టిక్. విప్పే చోటు కాబట్టి ఒప్పుకున్నా. లోపల మాత్రం ప్లై. జిగురు వేయకుండా స్క్రూలతోనే బిగిస్తే మీవాడు హాయిగా విప్పుకుంటాడు.

రేకుల_షెడ్డు: మైనస్ స్క్రూలతో.

లీడ్స్_తమ్ముడు: మామిడితాండ్ర గారూ, ఇప్పుడే చూశా. హిచ్ తల మీద 2 అంగుళాలు అని పోత ఉంది. కారు బాల్ 50 మి.మీ. తగిలిస్తే బాగానే కూర్చుంది.

మామిడితాండ్ర: కూర్చుంటుంది, గుంతలో పడితే లేస్తుంది కూడా. 2 అంగుళాలంటే 50.8. ఆ 0.8 మి.మీ. సందు చాలు తల బాల్ మీంచి ఊడిపోడానికి. ఎంత గట్టిగా బిగించినా ఆ సందు పోదు. 50 మి.మీ. హిచ్ కొనేదాకా బండి కదపకు.

రేకుల_షెడ్డు: అది మార్చు. నేను కూడా మార్చా. పాతది గ్రీజు పూసి గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టె అడుగున దాచు. దాని బోల్టులతో సహా.