కన్వీనర్ సీటుతో అనంతపురమా, డబ్బు కట్టి బెంగళూరా?

గుత్తి రోడ్డు నాన్న:
మావోడిది ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఈఏపీసెట్ ర్యాంకు గొప్పదేం కాదు, అట్లని తీసిపారేసేదీ కాదు. అనంతపురం చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీల్లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) రావచ్చు, సీఎస్‌ఈ (కంప్యూటర్స్) కష్టమంటున్నారు. ఇంతలో ఒక ఏజెంటు ఇంటికొచ్చి, బెంగళూరులో సీఎస్‌ఈ సీటుంది, ఈ వారంలోనే అడ్వాన్సు కట్టాలని పట్టుబట్టినాడు. వాళ్లమ్మ నగలు కుదువ పెడదామంటోంది. తెలిసినోళ్లు చెప్పండి.

యలహంక ధర్మవరపోడు:
కట్టేయన్నా. నేనూ అట్లే వచ్చి చదివినా, ఇక్కడే పని చేస్తాండా. మూడో ఏడు నుంచే ఇంటర్న్‌షిప్‌కు తిరిగినా, హాస్టల్ నుంచి సిటీ బస్సులో పోయేవాణ్ని. అదే మన ఊర్లో ఉండే పిల్లోడు అదే పనికి ఇక్కడికొచ్చి రూము వెతుక్కోవల్ల. పైగా నాలుగు భాషలోళ్ల మధ్య పడితే నోరు తెరుచుకుంటాది. ఆ తేడా ఏ కౌన్సెలింగ్‌లోనూ కనపడదు.

కర్నూలు లెక్చరర్:
ముందు ఆ సీటు ఏ కోటాదో అడగండి సార్. కర్ణాటక ప్రభుత్వ కోటాకు ఆ రాష్ట్రంలో చదివిన ఏళ్లు చూస్తారు, మన పిల్లలకు మామూలుగా రాదు. కామెడ్‌కే, అంటే అక్కడి ప్రైవేటు కాలేజీల ప్రవేశ పరీక్ష అయితే బయటి రాష్ట్రాలవాళ్లూ రాయొచ్చు, కానీ ఆ పరీక్ష ఎప్పుడో అయిపోయింది. మీవాడు అది రాయకపోతే ఇక మిగిలింది మేనేజ్‌మెంట్ సీటు, అంటే కాలేజీ తనే డబ్బుకు ఇచ్చేది. దానికి మన ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఇక్కడి ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి, అంటే ఈఏపీసెట్ ర్యాంకుతో కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి, అందులో 85 శాతం లోకల్ పిల్లలకే. మనకు లోకల్ అంటే ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) ప్రాంతం: సీమ జిల్లాలు, నెల్లూరు. విశాఖ పిల్లలతో పోటీ ఆ మిగిలిన 15 శాతంలోనే. ఈ మేలు వదులుకునే ముందు ఒకసారి లెక్క వేయండి.

ఒకప్పుడు మా కర్నూలు పిల్లలు ఆ 15 శాతంలో హైదరాబాదుకు పోయేవాళ్లు. రాష్ట్రం విడిపోయాక రెండు రాష్ట్రాలకూ ఉంచిన ఉమ్మడి ప్రవేశాల పదేళ్ల గడువు 2024 జూన్ 2తో తీరింది. ఏజెంట్లకు ఇప్పుడు గిరాకీ అందుకే.

ప్రొద్దుటూరు మేనమామ:
రీయింబర్స్‌మెంట్ అని అంత ఇదిగా చెప్పొద్దు సార్. మా అక్క కూతురి కాలేజీకి డబ్బు పడలేదని సర్టిఫికెట్లు ఆపినారు. చేతినుంచి కట్టి తెచ్చుకున్యాం.

కర్నూలు లెక్చరర్:
ఆలస్యం నిజమే, కాదనను. కానీ ఆలస్యమయ్యే ఫీజూ, అసలే రాని ఫీజూ ఒకటి కావు. ఆ పిల్లను మీరు కన్వీనర్ ఫీజు కట్టి విడిపించుకున్నారు. బెంగళూరు మేనేజ్‌మెంట్ సీటుకు ఆ మొత్తంతో ఒక ఏడాదీ గడవదు.

గుత్తి రోడ్డు నాన్న:
ఇంకొకటి. బెంగళూరులో చదివితే రేపు గ్రూప్స్‌కు నాన్‌లోకల్ అవుతాడంట?

కర్నూలు లెక్చరర్:
కాడు. ఉద్యోగాలకు నాలుగు నుంచి పది దాకా ఎక్కడ చదివాడో చూస్తారు. బీటెక్‌తో పని లేదు.

కడప ఈసీఈ అమ్మాయి:
మీరంతా ఊర్ల గురించే కొట్లాడుతున్నారు. ఆ అబ్బాయికేం కావాలో ఇక్కడ ఒక్క ముక్క లేదు! నేను ఇక్కడే ఈసీఈ మూడో ఏడు. మా బ్రాంచివాళ్లు సగం మంది సాఫ్ట్‌వేర్ పరీక్షలకే తయారవుతున్నారు. సీఎస్‌ఈలో మైనర్ కూడా తీసుకోవచ్చు, అంటే మన బ్రాంచితో పాటు దాని కోర్సులు కొన్ని చదవడం, అదనపు క్రెడిట్లు చేయాలంతే. బ్రాంచి పేరు కోసం అమ్మ నగలు బ్యాంకుకు పోవాలా అంకుల్?

యలహంక ధర్మవరపోడు:
మైనర్ చేసినోళ్లను ఎంతమందిని తీసుకుంటున్నారో చూడు చెల్లీ. చానా కంపెనీలు ముందు బ్రాంచి చూసి జల్లెడ పడతాయి. నగలు పెట్టొద్దంటే ఒప్పుకుంటా, బెంగళూరే వద్దంటే ఒప్పుకోను. మా నాయిన ఎకరా అమ్మినాడు, నాలుగేండ్లలో తిరిగి కొనిచ్చినా.

కడప ఈసీఈ అమ్మాయి:
కొనలేకపోయినవాళ్లు ఇక్కడికొచ్చి రాయరు కదన్నా.

గుత్తి రోడ్డు నాన్న:
ఏజెంటుకు ఫోన్ చేసినా. కాలేజీ అకౌంటు నంబరిమ్మంటే, అడ్వాన్సు నాకే నగదుగా ఇయ్యండి, రసీదు అడ్మిషన్ నాడు అన్యాడు.

యలహంక ధర్మవరపోడు:
ఆ మనిషికి రూపాయి ఇయ్యాకన్నా! కాలేజీ పేరు నాకు పంపు, శనివారం నేనే పోయి ఆఫీసులో అడిగొస్తా. సీటు నిజంగా ఉంటే నేరుగా కట్టేది.

కర్నూలు లెక్చరర్:
ఇది మాత్రం మంచి మాట. ఈలోగా మన కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు, అంటే కోరుకునే కాలేజీలు వరసగా పెట్టడం, వదలకండి. మొదటి విడతలో సీటొస్తే చేరండి. రెండో విడతలో మాత్రం ఇప్పటి సీటు కన్నా మంచివే పెట్టండి, ఎందుకంటే కొత్త సీటు రాగానే పాతది పోతుంది. అది తెలియక నలభై కాలేజీలు ఆప్షన్లుగా పెట్టుకుంటూ పోయేవాళ్లను ఏటా చూస్తున్నా.

గుత్తి రోడ్డు నాన్న:
ఆ పాప అడిగినాక మావోణ్ని కూర్చోబెట్టి అడిగినా. సివిల్ అంటాడు! జేఎన్‌టీయూ అనంతపురంలో వస్తే చాలంట. ఇన్నాళ్లు నోరు తెరిస్తే కదా. వాళ్లమ్మ కొట్టేటట్లుంది. పెట్టమంటారా?

కర్నూలు లెక్చరర్:
1946 నాటి కాలేజీ, పైగా యూనివర్సిటీ సొంతది. మొదటి ఆప్షనే పెట్టండి.

యలహంక ధర్మవరపోడు:
సివిలా? ఇంకోసారి అడుగన్నా పిల్లోణ్ని.