మన ఊరి కొరియన్ రెస్టారెంటు ఎవరి నాలుకకు వండాలి?

గంటస్తంభం వాసి

విజయనగరంలో ఈమధ్య తెరిచిన ఒక చిన్న కొరియన్ రెస్టారెంటుకు గత ఆదివారం పిల్లలతో కలిసి వెళ్ళాను. ఆరు బల్లలే ఉన్నా ఒక్కటీ ఖాళీగా లేదు, వచ్చినవారిలో ఎక్కువమంది కాలేజీ పిల్లలే. మేము తొక్‌బొక్కి తెప్పించుకున్నాము. బియ్యప్పిండితో చిటికెన వేలంత పొడుగున చేసిన ముద్దలను ఎర్రటి తియ్యకారపు పులుసులో ఉడికిస్తే అది తొక్‌బొక్కి. ఇక్కడ ఆ పులుసులో అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా వేసి, పైన కొత్తిమీర చల్లారు. మా అమ్మాయి రెండు ముక్కలు తిని, ఇది కొరియన్ వంట కాదంటూ పక్కన పెట్టేసింది. నాకు మాత్రం బాగానే ఉంది. యజమానిని అడిగితే, మొదట్లో అసలు పద్ధతిలోనే వండామని, సగం పళ్ళాలు తినకుండానే తిరిగి వచ్చాయని, అందుకే మార్చామని చెప్పారు. చిన్న ఊళ్ళో ఇలా మార్చుకోవడం సబబేనా, లేక ఆ పేరు పెట్టుకున్నందుకు ఆ రుచికే కట్టుబడి ఉండాలా? మీ అభిప్రాయాలు చెప్పగలరు.

బొబ్బిలి సభ్యుడు

మార్చుకోవలసిందే. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలయ్యాక ఆ చుట్టుపక్కల వెలసిన కొరియన్ భోజనశాలలకు కొరియన్లే ఖాతాదారులు కాబట్టి, అక్కడ వారి రుచికి వండుతారు. విజయనగరంలో తినేది మనం. గోబీ మంచూరియాను మంచూరియాలో ఎవరూ ఎరుగరు, అయినా మన ఊళ్ళలో సాయంత్రం బండి దగ్గర దాన్ని తినని వారు లేరు. అద్దె కట్టాలి, వంటవాళ్ళకు జీతాలివ్వాలి. తిరిగి వచ్చిన పళ్ళేలతో అవి తీరవు.

కోట దగ్గరి సభ్యుడు

బొబ్బిలి సభ్యుడు గారు చెప్పిన అద్దె, జీతాల మాట నిజమే, దాన్ని నేను కాదనను. అయితే అదే రెస్టారెంటుకు నేను మూడుసార్లు వెళ్ళాను. మార్చక తప్పనివాటిని కాక, మార్చనవసరం లేనివాటినే అక్కడ ఎక్కువగా మార్చారని నాకు అనిపించింది.

ముందు కారం సంగతి చూద్దాం. కొరియన్లు వాడే మిరప పొడి మన గుంటూరు కారమంత ఘాటుగా ఉండదు. గింజలు తీసేసి పొడి చేస్తారు కాబట్టి రంగు ఎక్కువ, మంట తక్కువ, కాస్త తీపి కూడా ఉంటుంది. ఆ మిరప పొడికి జిగురు బియ్యం, పులియబెట్టిన సోయా గింజల పొడి, మొలకెత్తించిన బార్లీ పిండి, ఉప్పు కలిపి నెలల తరబడి జాడీల్లో మాగబెడితే గోచుజాంగ్ అనే ముద్ద తయారవుతుంది. తొక్‌బొక్కికి ప్రాణం అదే. మన వాళ్ళ నాలుకకు కారం చాలకపోతే దానిలో మన కారమే ఇంకొంచెం కలపవచ్చు, అందులో నాకే అభ్యంతరమూ లేదు. ఆ ముద్దను పూర్తిగా మానేసి టమాటా సాస్, చిల్లీ సాస్ పోసి, ఆ లోటును గరం మసాలాతో కప్పడమే నాకు నచ్చలేదు. పులుసులో బెల్లం వేసుకుని తినే ఉత్తరాంధ్ర వారికి తీపీ కారమూ కలిసిన రుచి పరాయిది ఎలా అవుతుంది?

కిమ్చి, అంటే పులియబెట్టిన క్యాబేజీ పచ్చడి, విషయం ఇంకా బాధ కలిగిస్తుంది. నాకు వడ్డించినది అప్పటికప్పుడు తరిగిన క్యాబేజీ, దానిలో వెనిగర్, కారం కలిపారు, ముక్క ఇంకా కరకరలాడుతూ పచ్చివాసన వేస్తోంది. అసలు కిమ్చిలో వెనిగర్ ఉండదు. ఉప్పులో ఊరిన ఆకులకు కారం, వెల్లుల్లి, అల్లం, గంజి లాంటి పిండి జావ పట్టించి ఉంచితే దానంతట అదే పులుస్తుంది. అలా పులిసిన రుచి మనవాళ్ళకు పడదని మారుస్తున్నారట. కుండలో తరవాణి పెట్టుకుని, చద్దన్నం తిని పొలాలకు వెళ్ళిన వారి పిల్లలం మనం. చోడి అంబలి పులిస్తేనే రుచి అనేవారు మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నారు.

వడ్డన గురించి కూడా ఒక మాట. కొరియాలో అన్నంతో పాటు చిన్న గిన్నెల్లో నాలుగైదు రకాల కూరలు, పచ్చళ్ళు బల్ల మధ్యలో పెడతారు, వాటిని బాంచన్ అంటారు. అయిపోతే సాధారణంగా డబ్బు తీసుకోకుండానే మళ్ళీ పెడతారు. మన భోజన హోటళ్ళలో పప్పు, సాంబారు మారు వడ్డించడం లాంటిదే ఇది. ఇక్కడ మాత్రం రెండోసారి అడిగిన కిమ్చి గిన్నెకు అరవై రూపాయలు బిల్లులో వేశారు. అలాగే, కొరియన్లు అన్నం చెంచాతోనే తింటారని ఎవరూ చెప్పనందువల్ల, పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన స్టీలు పుల్లలతో అన్నం మెతుకులు ఎత్తలేక ఎంతో అవస్థ పడ్డారు. నేను లేచి వెళ్ళి చెంచా అందించాను.

ఇక, వీటన్నిటికంటే ముఖ్యమైన విషయం. మొదటిసారి వెళ్ళినప్పుడు మా అమ్మను తీసుకువెళ్ళాను. ఆమె చేప కూడా ముట్టదు. కూరగాయలతో చేసిన వంటకమని చెప్పి తెచ్చిన పులుసును ఆమె సగం తిన్న తరువాత, వంటగది నుంచి వచ్చిన అబ్బాయి, దానిలో చేపల సాస్ వేస్తారని మామూలుగా చెప్పాడు. అమ్మ ఏమీ అనలేదు, గిన్నె పక్కకు జరిపి మంచినీళ్ళు అడిగింది. ఇంటికి వచ్చాక ఆ రాత్రి భోజనం చేయలేదు. కొరియాలో ఈ సాస్ సర్వసాధారణం, కిమ్చిలో కూడా చేపల సాస్ గానీ ఉప్పు రొయ్యలు గానీ వేయడం మామూలే. అది వేయడం తప్పని నేను అనను. చెప్పకపోవడం తప్పు. రుచి మార్చండి, మార్చకపోండి, ఏది మార్చారో, దేనిలో ఏముందో మెనూ కార్డు మీద తెలుగులో రాయండి. మసాలా తొక్‌బొక్కి అని పేరు పెట్టి ఉంటే గంటస్తంభం వాసి గారి అమ్మాయి కూడా పక్కన పెట్టేది కాదేమో.

పూసపాటిరేగ సభ్యురాలు

కిమ్చి గురించి పై మాటలకు ఒకటి చేర్చాలి. చలికాలానికి ముందు కుటుంబాలు, ఇరుగుపొరుగు కలిసి కిమ్చి పెట్టుకునే కిమ్‌జాంగ్ అనే ఆచారాన్ని 2013లో యునెస్కో గుర్తించింది. మనం వేసవిలో ఆవకాయ పెట్టుకున్నట్టే అనుకోండి. నేను రెండేళ్ళుగా ఇంట్లో చేస్తున్నాను. మన ఎండలకు బయట పెడితే ఒకటి రెండు రోజుల్లోనే పులిసిపోతుంది, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. చేపల సాస్ లేకుండా ఉప్పు కాస్త పెంచి, సోయా సాస్ వేసి చేస్తే శాకాహారులకూ బాగుంటుంది. మా ఇంట్లో మాత్రం ఎండు రొయ్యల పొడి వేస్తాను, సముద్రం పక్కన పుట్టినదాన్ని, ఆ వాసన నాకు కొత్త కాదు.

గంటస్తంభం వాసి

కోట దగ్గరి సభ్యుడు గారి అమ్మగారి విషయం చదివాక, ఈ సాయంత్రం నేనే వెళ్ళి యజమానితో మాట్లాడాను. చేపల సాస్ పడే వంటకాలకు మెనూలో గుర్తు పెట్టిస్తానని వెంటనే ఒప్పుకున్నారు. గోచుజాంగ్ డబ్బా ఖరీదు ఎక్కువని, దానితో వండితే ధర పెంచక తప్పదని అన్నారు. వారంలో ఒక్క రోజైనా అలా వండమని అడిగాను, ఆలోచిస్తానన్నారు. రెండు ధరలూ పక్కపక్కన పెడితే ఎక్కువ ఇచ్చి తినేవారు మన ఊళ్ళో ఎంతమంది ఉంటారో, అది తినేవారే చెప్పాలి. మా అమ్మాయి అయితే తన పాకెట్ మనీతోనైనా తింటానంటోంది.