మాంటెలుకాస్ట్ మొదలుపెట్టాక బాబుకి పీడకలలు, మీ పిల్లలకి ఎవరికైనా ఇలా అయిందా?

నమస్తే అండి, మేము వైజాగ్ వన్‌టౌన్‌లో ఉంటాం, పొద్దున్న తుడిచిన కిటికీ ఊచలు సాయంత్రానికల్లా దుమ్ముతో నల్లగా అయిపోతాయి. మా బాబుకి 8 ఏళ్ళు, ఆస్తమా ఉంది. 3 వారాల నుంచి రోజూ రాత్రి మాంటెలుకాస్ట్ 5 ఎంజీ నమిలే బిళ్ళ వేస్తున్నాం, దగ్గు, పిల్లికూతలు బాగా తగ్గాయి గానీ అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి ఏడుస్తున్నాడు, ఎవరో తరుముతున్నారంటాడు, బనియన్ అంతా చెమటతో తడిసిపోతోంది. ఈ మందుతో పీడకలలు, మూడ్ మార్పులు రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో గట్టి హెచ్చరిక పెట్టించిందని చదివాక నాకూ నిద్ర లేదు. మా డాక్టర్ గారు సోమవారం దాకా ఊళ్ళో లేరు. బుడెసొనైడ్ ఇన్‌హేలర్ మాత్రం దానికి తగిలించే గొట్టంలాంటి స్పేసర్‌తో ఇస్తూనే ఉన్నాం, అది ఆపం. బిళ్ళ ఆపాక మీ పిల్లలకి ఎన్నాళ్ళకి తగ్గింది, దాని బదులు ఏం రాశారు? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.