మలేషియాలో పుట్టిన సీఈఓల జాబితా: జన్మస్థలం ఎలా నిర్ధారించుకోవాలి?

మలేషియాలో పుట్టి, విదేశాల్లో ప్రధాన కార్యాలయమున్న పెద్ద కంపెనీలను నడుపుతున్నవారి పట్టిక తెలుగులో సిద్ధమవుతోంది. చిప్ రంగంలో ఇబ్బంది లేదు. పెనాంగ్‌లో పుట్టిన హాక్ టాన్ 2006 నుంచి చిప్ కంపెనీ అవాగోను, 2016లో ఆ సంస్థ బ్రాడ్‌కామ్‌ను కొన్నాక బ్రాడ్‌కామ్‌ను నడుపుతున్నారు. మువార్‌లో పుట్టిన లిప్-బు టాన్ 2009 నుంచి 2021 దాకా చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ కేడెన్స్‌కు సీఈఓ. 2025 మార్చిలో ఇంటెల్ పగ్గాలు అందుకున్నారు. 1972లో ఇంటెల్ తన మొదటి విదేశీ ప్లాంటు పెట్టింది పెనాంగ్‌లోనే, ఇది ప్రత్యేకంగా చెప్పుకోదగ్గ సంగతి.

చిక్కల్లా బ్యాంకింగ్, వినియోగ వస్తువుల రంగాల్లో. అమెరికా కంపెనీలు ఏటా వాటాదారులకు పంపే ప్రాక్సీ స్టేట్‌మెంట్‌లో వయసు, అనుభవం ఉంటాయి కానీ జన్మస్థలం మామూలుగా ఉండదు. పౌరసత్వం చూసి తేల్చడమూ కుదరదు: మలేషియా ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు, అమెరికన్ పౌరులైనవారు ఆ వడపోతలో జారిపోతారు. ఇంటిపేరును నమ్మితే ఇంకా ప్రమాదం, టాన్‌లు సింగపూర్‌లోనూ బోలెడుమంది.

జన్మస్థలానికి నమ్మదగిన ఆధారం ఎక్కడ దొరుకుతుంది? విశ్వవిద్యాలయాల పూర్వవిద్యార్థుల పేజీలు సరిపోతాయా? మలేషియా ఏర్పడింది 1963 సెప్టెంబర్ 16న. 1959లో మువార్‌లో పుట్టినవారికి దేశం గడిలో మలయా అని రాయాలా, మలేషియా అనా? 1964లో, అంటే సింగపూర్ మలేషియాలో భాగంగా ఉన్నప్పుడు, అక్కడ పుట్టినవారిని చేర్చాలా? ఇలాంటి పట్టికలు చేసినవారు దయచేసి చెప్పండి.