సమస్య: తన్ను దానె చూచి తండ్రి యనియె

నిర్వాహకుడు
రాత్రి 2009 నాటి స్టార్ ట్రెక్ మళ్లీ చూశాను. పొద్దున కాఫీ తాగుతుంటే ఈ చివరి పాదం దానంతట అదే వచ్చి కూర్చుంది. పై మూడు పాదాలు మీవి. సినిమాలోంచే పూరించాలన్న నియమమేమీ లేదు. ‘అదంతా కల’ అని తప్పించుకునే పూరణలు మాత్రం వద్దు. ఎవరికి చెబుతున్నానో వారికి తెలుసు.

కొంటె కందం
అద్దమందుఁ జూచె నరువది నిండంగ
నెరసినట్టి జుట్టు, నిదురకళ్లు;
గతము గుర్తు వచ్చి గద్గదస్వరముతో
తన్ను దానె చూచి తండ్రి యనియె.

బోణీ నాదే. ఇందులో కల లేదు, పెద్దలు గమనించగలరు.

పాలపుంత
కల పోయి అద్దం వచ్చిందన్నమాట. పోయిన నెల ‘చీమ కడుపులోన సింహ ముండె’ ఇచ్చినప్పుడు కందం అక్క మూడు పాదాలు నిద్రపుచ్చి నాలుగో పాదంలో లేపారు. నేనింకా మరిచిపోలేదు. పద్యం మాత్రం నడక బాగుంది, ‘నిదురకళ్లు’ మరీ బాగుంది.

పాదం పుట్టిన చోటే నా పూరణ:

కాలబిలముఁ గడచి కనిపించె ముదుసలి;
స్పాకు వెనుకనుండి పలుకరించె;
చెవుల మొనలె కానఁ జిక్కె నా క్షణమున;
తన్ను దానె చూచి తండ్రి యనియె.

సినిమా చూడనివారి కోసం: మొనదేలిన చెవుల కుర్ర స్పాక్ (జాకరీ క్వింటో) హ్యాంగర్‌లో ఒక ముసలాయన వీపు చూసి నాన్న అనుకుని పిలుస్తాడు. ఆయన ఇటు తిరిగితే లియొనార్డ్ నిమోయ్, అంటే పాత సీరియల్ స్పాకే, ముసలివాడై! ‘నేను మన తండ్రిని కాను’ అంటాడు. ఆ ‘మన’ దగ్గర థియేటర్‌లో నాకు ఒళ్లు జలదరించింది.

యతిమైత్రి
‘ముదుసలి’ తర్వాత ‘స్పాకు’. ఆ ‘లి’ సంగతి ఆలోచించారా? సంయుక్తాక్షరం ముందుంటే వెనకటి అక్షరం గురువవుతుంది కదా.

నిర్వాహకుడు
మాస్టారూ, వేరు వేరు పదాలు, పైగా పాదం మారింది. అక్కడ గురువెలా అవుతుంది? పోనీ అయిందే అనుకుందాం. లఘువైతే నలం (నాలుగు లఘువులు), గురువైతే నగం (మూడు లఘువులు, ఒక గురువు). రెండూ ఆ చోట చెల్లే ఇంద్రగణాలే. మీకు అలాంటిదే కావాలంటే కందంగారి ‘గద్గదస్వరము’ చూడండి. సమాసం కాబట్టి అక్కడ ‘ద’ గురువే. అక్కడా గణం చెడలేదు.

కొంటె కందం
చెడదని తెలిసే వేశాను.

పాలపుంత
మీకు తెలిసే ఉంటుంది అక్కా, ఎవరు కాదన్నారు.

యతిమైత్రి
గణం నిలిచింది, సరే. సినిమా నిలిచిందా? నేను పాత స్టార్ ట్రెక్ సీరియల్‌ను ఎనభైలలో దూరదర్శన్‌లో చూసినవాణ్ని. 1966 నుంచి 1969 దాకా మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు. అందులో నలుగురు కూర్చుని మాట్లాడుకునేవారు. స్పాక్ ఒక కనుబొమ ఎత్తితే అదే ఫైటు. ఈ దర్శకుడు అబ్రామ్స్ వచ్చి స్పాక్ పుట్టిన వల్కన్ గ్రహాన్నే పేల్చేశాడు. స్పాక్ తల్లిని చంపాడు. తెర మీద ఎక్కడ చూసినా లైటు కళ్లలో కొట్టడమే. ఓడ ఇంజిన్ గది అని చూపించింది కాలిఫోర్నియాలో ఒక బీరు ఫ్యాక్టరీ, నిజంగానే అక్కడే తీశారు. స్టార్ వార్స్ తీయాల్సినవాడు దారి తప్పి ఇటొచ్చాడు. 2015లో అదీ తీశాడనుకోండి.

నా పూరణ:

పాత కథకుఁ గొత్త ప్రాణమ్ము పోసిరి;
పేరు నొకటె, యోడ పేరు నొకటె;
నలువదేండ్ల పిదప నవ్యచిత్రం బది
తన్ను దానె చూచి తండ్రి యనియె.

పాలపుంత
మాస్టారూ, ‘గొత్త ప్రాణమ్ము’. మీ ‘త్త’ వెనకాల ‘ప్రా’ వచ్చింది. ఇందాక నా ‘లి’కి పెట్టిన సూత్రమే ఇక్కడ పెడితే మీ మూడో గణం రెండు గురువులై కూర్చుంటుంది. నాదైతే రెండు విధాలా బతికింది, మీది బతకదు.

యతిమైత్రి
తెలుగు పదం మీద సంస్కృత పదం. అక్కడ గురువు కానక్కరలేదు. ఎవరినైనా అడగండి.

పాలపుంత
అడగక్కరలేదు, నేనూ ఒప్పుకుంటాను. నా ‘లి’ గురించి అడిగింది ఎవరా అనే చూస్తున్నాను.

కొత్త పలక
అందరికీ నమస్కారం. మొదటిసారి రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి.

ఎర్రబిందు వొకటి గ్రహమునే మ్రింగెను;
తల్లి జారిపోయె దరి విరుగగ;
శోకమందు నున్న స్పాకు వెనుదిరిగి
తన్ను దానె చూచి తండ్రి యనియె.

యతిమైత్రి
మొదటి పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) లేదు. ‘ఎ’ ఎక్కడ, ‘గ్ర’ ఎక్కడ. మూడో పాదంలోనూ ‘శో’కు ‘స్పా’ కుదరదు. మొదటిదానికి ‘యిలనెల్ల మ్రింగెను’ అనండి, సరిపోతుంది.

పాలపుంత
ఇల అంటే భూమి కదా మాస్టారూ. కాలబిలం పుట్టించే ఎర్ర పదార్థం బొట్టు మింగింది వల్కన్‌ని. శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర డ్రిల్ దింపారు గానీ భూమి దక్కింది. యతి కోసం భూగోళాన్ని మింగిస్తే ఎలా?

నిర్వాహకుడు
‘యింటినే మ్రింగెను’ అంటే యతీ కుదురుతుంది, స్పాక్ బాధా తెలుస్తుంది. మూడో పాదంలో ఉన్నది ప్రాసయతి (రెండో అక్షరాలు కలవడం), శోక-స్పాకు. చక్కగా పడింది. కొత్త పలకగారూ, ‘దరి విరుగగ’ నాకు బాగా నచ్చింది. కొండ అంచు విరిగి ఆమె పడిపోయే క్షణం రెండు మాటల్లో వచ్చేసింది. మొదటి పద్యమంటే నమ్మబుద్ధి కావడం లేదు.

పాలపుంత
ఇక మాస్టారి అసలు ఫిర్యాదుకు వస్తాను. పాతదాన్ని చెడగొట్టారన్నారు. నాకు ఆ సినిమా మన పని చేసినట్టే ఉంది. చివరి పాదం ముందే ఇచ్చేశారు: కిర్క్ కెప్టెన్ కుర్చీలో ఉండాలి, పక్కన స్పాక్ ఉండాలి, ఓడ ఎంటర్‌ప్రైజ్ కావాలి. పై మూడు పాదాలు రచయితల ఇష్టం. వాళ్లు ఏం చేశారు? నీరో అనే రోములన్ జాతి శత్రువును కాలంలో వెనక్కి, 2233కు పంపి కిర్క్ పుట్టిన రోజే తండ్రిని పోగొట్టించారు. అక్కడినుంచి చరిత్ర వేరే దారి పట్టింది. అంటే మీ 79 ఎపిసోడ్లు చెరిగిపోలేదు, పక్క దారిలో అలాగే ఉన్నాయి. ఆ మాటకు సాక్ష్యం చెప్పడానికే నిమోయ్‌ను పిలిచారు. పాతవాణ్ని పాతవాడిగానే నిలబెట్టి, కొత్తవాడి చేత నాన్నా అనిపించారు. వల్కన్ పోయినందుకు నాకూ బాధే. కానీ పేల్చినదాన్ని చివరి రీల్లో వెనక్కి తేలేదు చూడండి, అక్కడ వాళ్ల ధైర్యానికి మార్కులు వేశాను. ఆస్కార్ కూడా వచ్చింది, మేకప్‌కు. ఈ వరసలో ఆస్కార్ కొట్టిన మొదటి సినిమా అదే. చెవుల మొనలకు దక్కిన గౌరవం అనుకుంటాను.

నా గొడవ 2013 సినిమాతో. 1982 నాటి పాత సినిమాలో స్పాక్ రేడియేషన్‌లో చనిపోతాడు, గాజుకు అవతల కిర్క్. 2013లో లోపల కిర్క్, బయట స్పాక్. మిగతాదంతా అదే. ‘ఖాన్’ అని విలన్ పేరు అరిచేవాడు కూడా మారాడు, అంతే. ఇంకొకరి పూరణ తీసుకుని కర్తను, కర్మను తారుమారు చేసి పోస్టు చేస్తే ఇక్కడ ఒప్పుకుంటామా?

గాజు తలుపు వెనుకఁ గన్నుమూసెను కిర్కు;
ఖానుఁ దలఁచి స్పాకు కసిగ నరచె;
కథయె తిరిగి వచ్చె గాజులో నీడగా;
తన్ను దానె చూచి తండ్రి యనియె.

కొంటె కందం
‘గాజులో నీడ’! తమ్ముడూ, దాన్ని మా ఊళ్లో అద్దం అంటారు. పొద్దున నన్ను వెక్కిరించి సాయంత్రం నా పూరణే ఇంజిన్ గదిలో బిగించావు.

పాలపుంత
మీ అద్దంలో మనిషి ఉన్నాడు, నా గాజులో కథ ఉంది.

కొంటె కందం
కర్త మారిందంటావు. 2013 వాళ్లూ అదే అన్నారు.

నిర్వాహకుడు
ఈ దెబ్బ అక్కదే. అయినా ‘కథయె తిరిగి వచ్చె’ ఈ విడతలో నాకు అన్నిటికంటే నచ్చిన పాదం. కథకూ గాజుకూ యతి అలా కలవడం అదృష్టమో ప్రతిభో తెలియదు, పాలపుంత చేతిలో రెండూ ఒకేలా ఉంటాయి.

యతిమైత్రి
యతి గురించి ఏమీ అనను. అర్థదోషం ఒకటుంది. ‘కన్నుమూసెను కిర్కు’ అన్నారు. ఎక్కడ మూశాడు? ఖాన్ రక్తం ఎక్కించగానే అదే సినిమాలో లేచి కూర్చున్నాడు. మాకు స్పాక్ పోతే 1984లో ఇంకో సినిమా వచ్చేదాకా రాలేదు. ‘కన్నుమూసెను’ బదులు ‘కునుకు తీసెను’ అనండి. గణాలు సరిగ్గా సరిపోతాయి, లెక్క చూసే చెబుతున్నాను.

కొంటె కందం
మాస్టారూ, అప్పుడది కల పూరణ అవుతుంది. నిర్వాహకులవారు ఒప్పుకోరు.