నాలుగైదేళ్ల పిల్లల మధ్య కథల పుస్తకంతో స్నేహం కలపడం ఎలా?

కోట జంక్షన్, విజయనగరం:
ఆదివారం సాయంత్రాలు అరుగు మీద మా వీధి పిల్లలకి కథలు చదువుదామని ఆలోచన. అందరూ కొత్త ముఖాలే. ఎంతమంది ఉండాలి, మధ్యలో ఏటి చెయ్యాలి?

నాగావళి గట్టు, శ్రీకాకుళం:
నలుగురైతే మంచిది, ఆరుగురికి మించొద్దు. వెనకవాళ్లకి బొమ్మ కనబడకపోతే తోపులాట మొదలవుతుంది. పేజీకి రెండు వాక్యాలు, మొత్తం 16 పేజీల లోపు పుస్తకం చూడండి. కథలో చిన్న తగువు ఉండాలి: బంతి ఇవ్వకపోవడమో, ఆటలో చేర్చుకోకపోవడమో. మొదటిసారి ఆపకుండా చదివేయండి. రెండోసారి ఆ తగువు పేజీ దగ్గర ఆగి, "ఈ పిల్ల మొహం చూడండర్రా, ఏటయింది?" అని అడిగి, మనసులో పది లెక్కపెట్టేదాకా నోరు విప్పకండి. పెద్దవాళ్లు ఇక్కడే తొందరపడి జవాబు చెప్పేస్తారు, పిల్లలకి ఆలోచించే పని ఉండదు.

తర్వాత ఇద్దరిద్దరి చేత ఆ ఘట్టం ఆడించండి. "నన్నూ ఆడనిస్తావా?" అంటే "పో" అనడం తేలిక. "బంతి దూరం పోతే నేను తెచ్చిస్తాను" అన్న పిల్లకి ఆటలో చోటు దొరుకుతుంది. ఈ మాట పదేపదే అనిపించండి.

ఇచ్ఛాపురం టీచర్:
మా వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలూ ఉంటారు. అలాంటిచోట ముందు మాటల్లేని బొమ్మల పుస్తకం తియ్యండి, ఎవరూ వెనకబడరు. ప్రథమ్ బుక్స్ వారి వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు, ఒడియా కథలు ఉచితం. ప్రింటు తీయించండి. ఫోన్లో చూపిస్తే అందరి కళ్లూ ఫోన్ మీదే, పక్కవాళ్ల మీద ఉండవు.

అరసవల్లి అమ్మ:
ఇద్దరికీ కలిపి ఒకే పుస్తకం ఇవ్వండి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు పేజీ తిప్పాలి, సగంలో మారాలి. బిడియపడే పిల్లని బాగా హుషారైనవాడి పక్కన కూర్చోబెడితే ఇంకా ముడుచుకుపోతుంది. తనకన్నా ఏడాది చిన్నవాళ్లతో జత చెయ్యండి, చూపించి చెప్పే పని తనకే వస్తుంది. ఆ జతని కనీసం నాలుగు వారాలు కదపకండి.

కోట జంక్షన్, విజయనగరం:
మాట్లాడనే మాట్లాడకపోతేనో?

అరసవల్లి అమ్మ:
బొమ్మ మీద వేలు పెడితే అదే జవాబు. బలవంతం వద్దండి.

నాగావళి గట్టు, శ్రీకాకుళం:
ఇంకోటి. "నిన్న నువ్వూ ఇలాగే కొట్టావు కదా" అని కథలోకి పిల్లాడి పేరు ఎప్పుడూ లాగకండి. నలుగురిలో తల దించుకున్నవాడు మళ్లీ పుస్తకం దగ్గరికి రాడు. కథ అవగానే ఇళ్లకి పంపకండి, ఇరవై నిమిషాలు ఆడుకోనివ్వండి. నలుగురికీ ఒక్క బంతే పెట్టండి. కొట్టుకుంటే తప్ప మీరు లేవకండి.