697 టర్బో ఇంజిన్: హెడ్ వరకు చాలా, హాఫ్ ఇంజిన్ చేయాలా, బ్లాకు లేత్‌కి పంపాలా?

మిర్చిలోడ్ (గుంటూరు):
అన్నలకు నమస్కారం. బండి టాటా, 697 టర్బో ఇంజిన్, 97 మి.మీ. బోర్ (సిలిండర్ వ్యాసం), 128 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం). యార్డు నుంచి మిర్చి టిక్కీలు తోలే పని. వెయ్యి కిలోమీటర్లకు రెండు లీటర్ల దాకా ఆయిల్ తాగుతోంది. లోడు మీద నీలం పొగ. వేడెక్కాక స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఆయిల్ ప్రెజర్ ముల్లు ఒక కేజీ కిందకు దిగుతోంది. ఆరు సిలిండర్ల కంప్రెషన్ వరసగా 24, 25, 24, 19, 24, 23 కేజీలు. ఇంటి దగ్గర రేకుల షెడ్డు, ఒక టన్ను చైన్ బ్లాకు, టార్క్ రెంచ్, ఫీలర్ గేజీలు ఉన్నాయి. ఒక మేస్త్రి హాఫ్ ఇంజిన్ చాలు, రింగులు, బేరింగులు వేస్తే సరిపోతుందంటున్నాడు. ఇంకొకాయన స్లీవులు (సిలిండర్ లోపలి గొట్టాలు), క్రాంక్ గ్రైండింగ్‌తో ఫుల్ ఇంజిన్ చేయాల్సిందే అంటున్నాడు. ఎంతవరకు విప్పాలి?

నాజిల్‌మాస్టర్ (విజయవాడ):
ఒక్క సామాను కూడా ఇప్పుడే కొనకండి. ఆయిల్ ఏ దారిన పోతోందో ముందు తేలాలి.

మొదట ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ తిప్పండి. నీళ్ళతో పాటు నల్లటి ఆయిల్ వస్తే బ్రేకుల ఎయిర్ కంప్రెసర్ రింగులు పోయినట్టు. దానికి ఆయిల్ ఇంజిన్ నుంచే వెళుతుంది కాబట్టి ఆ నష్టం కూడా ఇంజిన్ ఖాతాలోనే పడుతుంది. చాలామంది దీన్ని చూడకుండానే పిస్టన్లు మార్చేస్తారు. తర్వాత టర్బో నుంచి మానిఫోల్డ్‌కి వెళ్ళే పైపు విప్పండి. లోపల పల్చటి తడి ఉండటం మామూలే, కారుతుంటే టర్బో సీలు.

ప్రెజర్‌ని డాష్‌బోర్డు ముల్లును బట్టి తేల్చొద్దు. సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో మెకానికల్ గేజీ పెట్టి, ఇంజిన్ బాగా వేడెక్కాక చూడండి.

ఇక నాలుగో సిలిండర్. అందులో ఆయిల్ పోసి మళ్ళీ కంప్రెషన్ చూడమని ఎవరైనా అంటే వినకండి. అది పెట్రోల్ ఇంజిన్ పద్ధతి. మీ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 946 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 17 అనుకుంటే పిస్టన్ పైకి వచ్చాక మిగిలే జాగా 59 సీసీయే. అందులో పది సీసీ ఆయిల్ పడితే రింగులు ఎలా ఉన్నా రీడింగు పెరుగుతుంది. ఎక్కువ పడితే కాన్‌రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ) వంగే ప్రమాదం కూడా ఉంది.

దాని బదులు గాలి పరీక్ష చేయండి. నాలుగో పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ చివర పైకి తెచ్చి, నాజిల్ రంధ్రంలోంచి గాలి ఎక్కించండి. బండిని గేర్‌లో పెట్టి, చక్రాలకు దిమ్మలు వేయండి. లేదంటే గాలి ఒత్తిడికి క్రాంక్ తిరిగి చెయ్యి పోతుంది. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ క్లీనర్ వైపు వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్ గానీ హెడ్ పగులు గానీ.

లేత్‌బెడ్ (విజయవాడ, ఆటోనగర్):
పై మాటలన్నీ సరైనవే. ఆ తర్వాత హెడ్, సంప్ (అడుగు ఆయిల్ తొట్టి) రెండూ దింపి కొలవండి. కొలత లేకుండా హాఫా, ఫుల్లా అని తేల్చడం అనవసరం.

బోర్‌ను డయల్ బోర్ గేజీతో మూడు ఎత్తుల్లో, ఒక్కో ఎత్తులో అడ్డంగా, నిలువుగా చూడాలి. టాప్ రింగు వెనక్కి తిరిగే చోటే అరుగుదల ఎక్కువ. అడుగున రింగు తగలని చోటు మీ అసలు కొలత. పని పొద్దున్నే చేయండి. బ్లాకు ఎండలో, మైక్రోమీటర్ నీడలో ఉండి ఇరవై డిగ్రీల తేడా వస్తే, 97 మి.మీ. మీద 0.02 మి.మీ. తప్పు చూపిస్తుంది. మనం వెతికేదే అంత చిన్న తేడా.

అరిగిన బోర్‌లో కొత్త రింగులు ఎందుకు నిలవవో లెక్క చూడండి. బోర్ 0.15 మి.మీ. పెరిగితే చుట్టుకొలత దాదాపు 0.47 పెరుగుతుంది. అంటే 0.35 ఉండాల్సిన రింగు కొసల మధ్య సందు 0.82 అవుతుంది. పైగా పైన వెడల్పు, కింద ఇరుకు అయిన బోర్‌లో రింగు ప్రతి స్ట్రోక్‌కూ తెరుచుకుని మూసుకుని అలసిపోయి విరుగుతుంది. అందుకే పైభాగాన 0.10 దాటితే నేను రింగులతో సరిపెట్టను, తుది మాట మాన్యువల్‌దే. మీది డ్రై స్లీవ్ (నీళ్ళు నేరుగా తగలని రకం). పాతది బోర్ చేసి తీసి, కొత్తది ప్రెస్సులో నొక్కి, మళ్ళీ బోర్, హోనింగ్ (రాయితో సన్నగా రుద్దడం) చేయాలి. అది షెడ్డు పని కాదు.

బేరింగుల్లో మెయిన్‌కి (క్రాంక్‌ను బ్లాకులో మోసేది) కింది సగం, కాన్‌రాడ్‌కి పై సగం ముందు అరుగుతాయి. రాగి రంగు బయటపడిందేమో చూడండి. జర్నల్ (క్రాంక్‌లో బేరింగ్ కూర్చునే చోటు) గుండ్రతనం మైక్రోమీటర్‌తో, బేరింగ్ సందు ప్లాస్టిగేజ్‌తో (నొక్కితే చదునయ్యే ప్లాస్టిక్ దారం) తెలుస్తుంది. సందు జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు దగ్గర ఉంటే మంచిదే.

మిర్చిలోడ్:
అన్నీ చూశాను. ఎయిర్ ట్యాంకులో నల్లటి ఆయిల్ బాగానే వచ్చింది. టర్బో పైపు దాదాపు పొడిగానే ఉంది. మెకానికల్ గేజీ మీద వేడి స్లోలో 1.4, 2000 ఆర్‌పీఎం దగ్గర 3.5 కేజీలు. నాలుగో సిలిండర్ గాలి సైలెన్సర్‌లోకి పోతోంది. బోర్లలో అన్నిటికంటే అరిగినది మూడోది, పైన 0.07. మిగతావి 0.05 లోపే. కాన్‌రాడ్ జర్నల్స్ స్టాండర్డ్ సైజే, గీతలు లేవు, గుండ్రతనంలో తేడా 0.02 లోపు. విప్పి చూసిన ఒక మెయిన్‌లో కింది సగం రాగి తేలింది.

లేత్‌బెడ్:
అయితే స్లీవులు వద్దు. కాన్‌రాడ్ జర్నల్స్‌కు గ్రైండింగ్ వద్దు, మెయిన్స్ కూడా అలాగే తేలితే క్రాంక్ జోలికే పోనక్కర్లేదు. బాగున్న స్టాండర్డ్ క్రాంక్‌ను 0.25 తగ్గిస్తే ముందు ముందు వాడుకోవాల్సిన ఒక సైజు ఊరికే పోతుంది. గ్రైండింగ్‌లో మూల వంపు సరిగ్గా రాకపోతే పగులు అక్కడే మొదలవుతుంది.

చేయాల్సినవి: వాల్వులు, గైడ్లు, సీటు కటింగ్ (హెడ్ ఒక్కటే ఆటోనగర్ పంపండి, పగులు పరీక్ష కూడా చేయించండి), రింగుల సెట్టు, మెయిన్, కాన్‌రాడ్ బేరింగులు స్టాండర్డ్ సైజువి, ఎయిర్ కంప్రెసర్ రిపేరు. డీజిల్ పంపును కదిలించకండి. నాజిళ్ళు మాత్రం టెస్ట్ బెంచ్ మీద చూపించండి.

పిస్టన్లు అవే వాడతారా అన్నది పిస్టన్‌లో రింగు కూర్చునే గాడి చెప్పాలి. కొత్త రింగు పెట్టి పక్క సందు చూడండి. టాప్ రింగు కీస్టోన్ రకమైతే (పక్కలు ఏటవాలుగా ఉండేది) బయట ఫీలర్ గేజీ పెడితే కొలత రాదు, మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలోనే చూడాలి. గాడి వదులైతే బోర్ ఎంత బాగున్నా పిస్టన్లు మార్చాల్సిందే.

ఒక్క విషయంలో మాత్రం ఫుల్ ఇంజిన్ చెప్పిన మేస్త్రి మాటలో సగం వినండి: ఇంజిన్ చాసిస్ మీంచి దించండి. బ్లాకు లేత్‌కి పోదు, కానీ హోనింగ్ రాయి పొడి క్రాంక్ మీద పడితే కొత్త బేరింగులు తినేస్తుంది. బండిలో ఉండగా మెయిన్ జర్నల్స్ అన్నీ సరిగ్గా కొలవడం కూడా కుదరదు. షెడ్డు రేకుల పైపుకు చైన్ బ్లాకు వేలాడదీయకండి. కింద కాళ్ళున్న ఇనుప గ్యాంట్రీయే కావాలి.

నాజిల్‌మాస్టర్:
హోనింగ్ అయ్యాక డీజిల్‌తో తుడిచి ఆపేస్తే చాలదు. వేడి సబ్బు నీళ్ళు, బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి, ఆయిల్ రాసిన తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ నల్లబడటం ఆగేదాకా మళ్ళీ మళ్ళీ. ఆయిల్ గ్యాలరీ (బ్లాకులో ఆయిల్ పారే దారి) ప్లగ్గులు తీసి లోపల కూడా బ్రష్ వేయాలి.

స్టార్ట్ చేసేముందు టర్బో ఆయిల్ పైపులో ఆయిల్ పోసి, డీజిల్ ఆపి, ప్రెజర్ వచ్చేదాకా స్టార్టర్ తిప్పండి, మధ్యలో మోటారుకు విరామమివ్వండి. స్టార్ట్ అయ్యాక గంటల తరబడి స్లోలో వదలొద్దు. బోర్ గాజులా నున్నబడి రింగులు కూర్చోవు. నీళ్ళు, ఆయిల్ కారడం చూసుకుని సగం లోడుతో రోడ్డు మీదకు తీసుకెళ్ళండి, ఎక్కువ ఆర్‌పీఎం పట్టొద్దు. 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టరు మార్చి, ట్యాపెట్లు మళ్ళీ సెట్ చేయండి. తీసిన ఫిల్టర్‌ను కోసి కాగితం విప్పి చూడండి. సన్నటి బూడిద పొడి పర్లేదు, మెరిసే రేకులు కనిపిస్తే బండి ఆపి సంప్ దించాలి.